ఎల్లిగడ్డల జాడీ వెనుక దాచిన మందు

నా దగ్గు ఎల్లిగడ్డలతోనూ నువ్వుల నూనెతోనూ నయమైందని తొమ్మిదేళ్ల పాటు మా బొగ్గుబాయి మీద అందరికీ చెప్పుకున్నాను. ఎల్లిగడ్డలు, అంటే వెల్లుల్లి, తిన్నది నిజమే. నూనె తిన్నదీ నిజమే. కానీ వాటితో పాటు తొంభై సూదులు వేయించుకున్నానని, ఏడాదిన్నర బిళ్లలు మింగానని, నాకు వచ్చింది టీబీ అని ఎవరికీ చెప్పలేదు. నేను దాచిన ఆ మాట తెలియక నా స్నేహితుడు చనిపోయాడు. జబ్బు చేసి తేరుకున్నవాళ్లు తమ అనుభవాలు పత్రికలో రాస్తుంటే చదువుతూ వచ్చాను. నాదీ రాయాలి. రాస్తే మొత్తం రాయాలి.

నా పేరు రాజేశం. మాది కరీంనగర్ పక్క పల్లె. మంచిర్యాల అవతల ఒక గనిలో ల్యాంపు రూము నా పని. బాయి దిగే ప్రతి మనిషీ నా కిటికీ దగ్గర నెత్తికి పెట్టుకునే దీపం తీసుకుంటాడు, షిఫ్టు అయ్యాక అక్కడే అప్పగించి ఇంటికి పోతాడు. అందుకని బాయి మీద నన్ను ఎరగనివాడు లేడు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, చలికాలం. మొదటి షిఫ్టువాళ్లకు దీపాలిచ్చి కూర్చున్నాను. అప్పటికి నెలన్నరగా దగ్గు ఉంది. దగ్గు తెర వస్తే దీపాలు తుడిచే తెల్లగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే దాని మీద చింతగింజంత ఎర్రటి మరక. బాయి దిగేవాళ్ల తెమడ బొగ్గు దుమ్ముతో నల్లగా ఉంటుంది. అందులో ఏం కలిసినా కంటికి ఆనదు. నేను పైన పని చేసేవాణ్ణి గనుక నా గుడ్డ మీద ఎరుపు ఎరుపుగానే కనిపించింది. ఆ తేడా ఎంత పెద్దదో నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

గుడ్డను మడిచి నిప్పుల్లో పడేశాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, అంగీ భుజాల దగ్గర జారిపోవడం, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగకపోవడం, ఇన్నాళ్లూ విడివిడిగా ఉన్నవన్నీ ఆ మరకతో ఒకచోటికి చేరాయి.

కంపెనీ దవఖాన మా క్వార్టర్ల లైన్లకు ఎదురుగానే ఉంది. నేను పోలేదు. టీబీ అని తేలితే అన్‌ఫిట్ రాస్తారని, క్వార్టరు ఖాళీ చేయిస్తారని మా లైన్లలో అందరూ అనుకునేవారు. అలా ఎవరికి రాశారంటే ఒక్క పేరు చెప్పగలిగినవాడు లేడు. అయినా నమ్మేవారు. నేనూ నమ్మాను. రోగం సంగతి తెలిస్తే నా భార్య సత్తమ్మను నల్లా దగ్గర బిందె పెట్టనివ్వరన్న భయం ఒకటి. కడుపులో పుండు అయిందని చెప్పి సెలవు పెట్టి ఊరికి పోయాను.

మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ నన్ను చూడగానే ప్రయాణానికి మూట కట్టింది. మరునాడు తానే కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెంట వచ్చింది. ఎక్స్‌రే తీశారు. తెమడ పరీక్షకు పంపారు. మూడోనాడు డాక్టరు ఎక్స్‌రే ఫిలింను కిటికీ వెలుగుకు పట్టి చూపించాడు.

"కుడి లంగ్ మీది భాగంల ప్యాచ్ ఉన్నది. స్పుటం పాజిటివ్."

"పాజిటివ్ అంటే మంచిదేనా సార్?" అన్నాను.

"కాదు. టీబీ అని." ఫిలింను బల్ల మీద పెట్టి అన్నాడు. "ఫికర్ చెయ్యకు. ఇంతకు ముందైతే మంచి గాలి ఉన్నకాడికి పో అని చెప్పి దేవుని మీద భారం వేసెటోళ్లం. ఇప్పుడు మందున్నది. స్ట్రెప్టోమైసిన్ తొంభై సూదులు, రోజుకొకటి. ఐ.ఎన్.హెచ్. బిళ్లలు, పి.ఎ.ఎస్. పొట్లాలు ఏడాదిన్నర. మంచిగైందని నడుమ ఆపితె మళ్ల మొదటికి వస్తది. అప్పుడు ఈ మందుకు కూడా లొంగదు."

అవ్వ తలుపు దగ్గర నిలబడి అడిగింది. "ఎల్లిగడ్డ పెట్టొచ్చునా సారూ? మా అత్త దగ్గోళ్లకు గదే పెట్టేది."

డాక్టరు నవ్వలేదు. "పెట్టు అవ్వా. నువ్వుల నూనె పెట్టు. పాలు, గుడ్లు, పప్పు అన్ని పెట్టు. నీ వంటతోని కండ వస్తది. రోగం పురుగును సంపేది మాత్రం నా సూది. రెండిట్ల ఏ ఒక్కటి తప్పినా నా తానికి వచ్చి ఏడ్వొద్దు."

ఆయన అన్నది ఇంతే. ఇందులో సగమే నేను తర్వాత లోకానికి చెప్పాను.

కరీంనగర్‌లోనే మా చిన్నమ్మ ఇంట్లో ఉండి రోజూ సూదికి పోయేవాణ్ణి. అవ్వ వంట చేసేది. గానుగ నుంచి తెచ్చిన నువ్వుల నూనె మూకుట్లో పోసి, ఒలిచిన ఎల్లిగడ్డ పాయలు వేసి, సన్నని సెగ మీద పెట్టి పక్కనే కూర్చునేది. పాయ తేనె రంగుకు రాగానే దించేది. "మాడితె చేదు. పచ్చిగుంటె కడుపుల మంట. నడుమ ఉంటది రుచి, గది కనిపెట్టాలె" అనేది. చల్లారాక జీలకర్ర, ఉప్పు దంచి కలిపి జాడీలో పోసేది. వేడి జొన్నరొట్టె మీద నాలుగు పాయలు చిదిమి, నూనె పోసి ఇచ్చేది. వారం రోజులకు నాకు ఆకలి అన్నది మళ్లీ తెలిసింది. నెల దాటాక రెండో రొట్టె అడిగాను. ఆ రోజు అవ్వ మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తిండి నన్ను నిలబెట్టింది. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు.

సూదుల చోట గడ్డలు కట్టి కూర్చోలేకపోతుంటే కంపౌండరు ఆలివ్ నూనె రాయమన్నాడు. మందుల దుకాణంలో అరచేతిలో పట్టే రేకు డబ్బా ఇచ్చారు, మీద పరదేశపు అక్షరాలు. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "గింతనా? గిది పసిపోరని మాడుకు గూడ సాలది. ఏం కాయ నూనెనో ఏమో. మన నువ్వులకు ఏం రోగమచ్చింది?" అని, డబ్బా గూట్లో పెట్టి నువ్వుల నూనె వేడిచేసి కాపడం పెట్టింది. గడ్డలు కరిగాయి. ఆ సెలవులో నేను నవ్విన రోజు అదొక్కటే అనుకుంటా.

అరవై సూదులు దాటాక చెవుల్లో కీచురాయి కూసినట్టు మొదలైంది. లేచి నడిస్తే నేల ఒక పక్కకు ఒరిగేది. బజారులో గోడ పట్టుకుని పోతుంటే ఎవరో "పొద్దుగాలనే కల్లు ఎక్కిచ్చిండు" అన్నారు. డాక్టరు పది రోజులు సూది ఆపి, తర్వాత రోజు మార్చి రోజు వేశాడు. తల తిరగడం తగ్గింది. ఎడమ చెవి మాత్రం సగం పోయింది. బాయి మీద ఫ్యానుల మోతకు పోయిందని చెప్పుకున్నాను. అదొక అబద్ధం.

నాలుగు నెలలకు తెమడలో పురుగు లేదని, స్పుటం నెగెటివ్ అని వచ్చింది. సెలవు ముగించి పనిలో చేరాను. ఇంకా ఏడాదికి పైగా మింగవలసిన బిళ్లలు, పి.ఎ.ఎస్. పొట్లాలు ఉన్నాయి. సత్తమ్మ వాటిని వంటింటి గూట్లో ఎల్లిగడ్డల జాడీ వెనుక పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్లకు జాడీ కనిపించేది. మందు కనిపించేది కాదు.

మొదటి రోజే కిటికీ దగ్గర ఓదెలు పట్టుకున్నాడు. ఓదెలు బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే ఫిల్లరు. నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, హాస్యాలాడటానికి అదొక వీలు.

"ఏం బావా, పుండు మానుతె గింత ఎర్రగ అయితరా? దగ్గు గూడ పాయె. అత్తగారింట్ల ఏం మేపిండ్రు?"

"అత్తగారిల్లు కాదు, మా అవ్వ చేతి ఎల్లిగడ్డలు. నువ్వుల నూనెల ఏపి."

"జర దూరం జరుగుండ్రయ్యా, వాసనకు దీపాలు ఆరుతయి" అన్నాడు వెనక్కి తిరిగి. లైను మొత్తం నవ్వింది. ఆనాటి నుంచి నేను ఎల్లిగడ్డల రాజేశాన్ని. ఎవరికి జలుబు చేసినా, ఎవరి భార్యకు కీళ్లు నొచ్చినా కిటికీ దగ్గర అడిగేవారు. చెప్పేవాణ్ణి. అలా చెప్పడం నాకు ఇష్టంగానే ఉండేది. భయం ఒక్కటే కాదు, ఆ ఇష్టం కూడా నా నోరు నొక్కింది.

ఏడాది దాటాక, నా మందు ఇంకా రెండు నెలలు ఉందనగా, ఓదెలుకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు షిఫ్టుకు బాయి దిగేముందు అందరినీ పోనిచ్చి కిటికీ దగ్గర ఆగాడు. ఆ రోజు హాస్యం లేదు.

"బావా, నీ దగ్గు నిజంగ గా ఎల్లిగడ్డలతోనే పోయిందా?"

నా అంగీ జేబులో ఆ పూట బిళ్ల ఉంది, కాగితంలో చుట్టి.

"పోయింది" అన్నాను.

"దవఖానకు పోదామంటె లచ్చవ్వ భయపడుతుంది. అన్‌ఫిట్ రాస్తరంటరు గద. నువ్వేమంటవు?"

రిజిస్టరులో ల్యాంపు నంబరు వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. అతను కాసేపు చూసి, దీపం తీసుకుని బాయి దిగాడు. నేను చేసిన తప్పు ఏదని ఎవరైనా అడిగితే ఆ తల వంచుకోవడమే అని చెబుతాను.

రెండు రోజులకు ఓదెలు భార్య లచ్చవ్వ మా ఇంటికి వచ్చింది, వంటకం నేర్చుకోవడానికి. సత్తమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"చెప్పుదాం. ఆమెకన్న చెప్పుదాం" అంది.

"వద్దు. ఆ ఓదెలు నోట్ల నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి బాయంత తెలుస్తది."

"నీకు బాయి భయమా, ల్యాంపు కాడ నీ పేరు పోతదనా?"

ఆమె లోపలికి పోయి లచ్చవ్వకు సెగ ఎంత పెట్టాలో, పాయ ఏ రంగుకు రావాలో చూపించింది. "ఇప్పనూనె అయితె నడువదా వదినె? మా ఇంట్ల గదే ఉన్నది" అని లచ్చవ్వ అడిగితే, మా నూనెలో సగం సీసాలో పోసి ఇచ్చింది. పోయేటప్పుడు మాత్రం "దవఖానల గూడ సూపియ్యి వదినె, తప్పేం లేదు" అంది. నేను పక్కన నిలబడి ఉన్నాను. లచ్చవ్వ నావైపు చూసింది, నేను ఔననలేదు. ఆమె ఓదెలును దవఖానకు తీసుకుపోలేదు.

మొదట ఓదెలుకు బాగైనట్టే కనిపించింది. తిండి ఎక్కింది, మనిషి కాస్త నిండాడు. "నీ మందు పనిచేస్తుంది బావా" అని కిటికీలోంచి నా భుజం చరిచేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకే నమ్మకం కలిగేది, నిజంగానే పనిచేస్తుందేమో అని. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ అతని తెమడలో రక్తం పడుతూనే ఉండి ఉంటుంది. బొగ్గు నలుపులో ఎవరికీ కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం బాయిలోనే గుప్పెడు రక్తం కక్కాడు. స్ట్రెచరు మీద పైకి తెచ్చారు. దవఖాన దాకా నేనూ వెంట పోయాను. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, "రెండు లంగ్స్‌లోనూ క్యావిటీలున్నయి, బొక్కలు పడ్డయి" అన్నాడు. "ఇన్ని నెలలు ఏం మందు వాడినవు?"

ఓదెలు చెయ్యెత్తి నన్ను చూపించాడు. "మా బావ మందు సారు. ఎల్లిగడ్డలు."

డాక్టరు నన్ను పైనుంచి కిందికి చూసి అతని వైపు తిరిగాడు. "దవఖాన ఎదురుంగ పెట్టుకోని ఎందుకు రాలేదు?"

"అన్‌ఫిట్ రాస్తరని" అన్నాడు ఓదెలు.

"ఎవరు చెప్పిండ్రు? టీబీ అని తేలినోళ్లు ముగ్గురున్నరు, నేనే మందిచ్చిన. బాయి దిగకుండ పైన పని ఇప్పిచ్చిన. ముగ్గురు పని చేస్తుండ్రు." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఆర్నెల్ల ముందు వస్తే నువ్వు నాలుగోనివి."

సూదులు మొదలుపెట్టారు. అప్పటికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. తొలకరికి ముందే ఓదెలు చనిపోయాడు. చివరిసారి చూడబోయినప్పుడు కూడా నేను చెప్పలేదు. "నీకు పనిచేసింది గద బావా, నాకెందుకు చెయ్యలే" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. నేను అతని కాళ్ల మీద దుప్పటి సర్దాను.

లచ్చవ్వ బిడ్డ సరోజనను తీసుకుని లక్సెట్టిపేట పక్క తన తల్లిగారి ఊరికి పోయింది. అక్కడ కాస్త భూమిలో ఎల్లిగడ్డ వేసేవారు. ఏటా శివరాత్రి దాటాక పంట రాగానే ఆకులతో జడలా అల్లిన ఎల్లిగడ్డల కట్ట ఒకటి మా ఇంటికి తెచ్చేది. ఏడేళ్లు తెచ్చింది. మొదటిసారి తెచ్చినప్పుడు సత్తమ్మ ఎందుకని అడిగితే, "వదినె, మీ తప్పేం లేదు. మీరు మంచి మందే చెప్పిండ్రు. ఒకనాడు పోరి ఏడుస్తుందని లేచి పోయిన, నూనె మాడింది. పారబోసుడెందుకని గదే పెట్టిన. నూనె లేనినాడు ఇప్పనూనె పోసిన. నా చేతిల గుణం లేకపాయె" అంది.

ఆ కట్ట ఏడేళ్లు మా వంటింట్లో వేలాడింది. సత్తమ్మ ఆ ఎల్లిగడ్డలు కూరలో వేసేది. నాకు ముద్ద దిగేది కాదు.

ఈ ఏడు లచ్చవ్వ కట్ట తెచ్చి, పోకుండా గడప మీద కూర్చుంది. సరోజనకు పెళ్లయింది. నెల రోజులుగా దగ్గు, సాయంత్రం జ్వరం. "వదినె, గీసారి నువ్వు చెయ్యి. నా చెయ్యి మంచిది గాదు. మా ఆయన లెక్క పోరిని గూడ నా చేతులార పోగొట్టుకోలేను" అంది.

సత్తమ్మ నావైపు చూసింది. నేను లేచి గూట్లో జాడీ వెనుక చెయ్యి పెట్టాను. పి.ఎ.ఎస్. పొట్లాలు వచ్చిన ఖాళీ డబ్బా ఒకటి అక్కడే ఉండిపోయింది, పారేసే ధైర్యం లేక. దాన్ని లచ్చవ్వ ముందు పెట్టి మొత్తం చెప్పాను. సూదులు, బిళ్లలు, కడుపులో పుండు అన్న అబద్ధం, కిటికీ దగ్గర ఓదెలు అడిగిన మాట, నేను తల వంచుకోవడం. ఆమె డబ్బాను చేతిలోకి తీసుకుని మూత తీసి లోపలికి చూసింది. మళ్లీ మూత పెట్టింది. లేచి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే సరోజనను వెంటబెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. నావైపు చూడకుండా, "ఏ దవఖాననో సూపియ్యి" అంది. మంచిర్యాల దవఖానకు తీసుకుపోయాను. ఎక్స్‌రే చూసి డాక్టరు, "చిన్న ప్యాచ్. తొందరగ తెచ్చిండ్రు, మంచిగైతది" అన్నాడు. తర్వాత, "ఇంట్ల ఇంతకు ముందు ఎవరికన్న ఉండెనా?" అని అడిగాడు. లచ్చవ్వ నావైపు తిరిగింది. "వాళ్ల బాపుకు ఉండె" అని నేనే చెప్పాను. తండ్రి పక్కలో పడుకున్న పిల్లకు ఆనాడే అంటుకుని ఉండవచ్చని డాక్టరు అన్నాడు.

ఇప్పుడు సరోజనకు సూదులు అయిపోయాయి, బిళ్లలు నడుస్తున్నాయి. సూదుల రోజుల్లో నాకు షిఫ్టు లేనప్పుడల్లా నేనే తోడు పోయాను. ఆమెకు చెవుల్లో మోత వస్తుందా అని రోజూ అడిగేవాణ్ణి. సత్తమ్మ ఎల్లిగడ్డలు వేయించి పంపుతుంది. సరోజన తింటుంది, ఆకలి బాగా అవుతుందంటుంది. నాకు నలభై ఆరేళ్లు. ఎడమ చెవి సరిగా వినబడదు, మెట్లెక్కితే ఆయాసం. అంతకు మించి బాధ లేదు.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఇది. ఎల్లిగడ్డ తినండి, నువ్వుల నూనె తినండి, అవి మన వంటింటి బలం. కానీ దగ్గు మూడు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించండి. బాయి దిగేవాళ్లు రంగు కనిపించలేదని ఊరుకోవద్దు. మంచిగైనాక ఎవరైనా ఎట్లా తగ్గిందని అడిగితే, మింగిన ప్రతి మందు పేరూ చెప్పండి.

ఆఖరి సూది వేయించుకున్న రోజు సరోజన లోపల ఉంటే లచ్చవ్వా నేనూ దవఖాన వరండాలో బల్ల మీద కూర్చున్నాం. అప్పటిదాకా ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

"అన్నా, ఒక్కటడుగుత. గా నాడు నూనె మాడకపోతె ఆయన బతుకుతుండెనా?"

"లేదు చెల్లె. మాడకున్నా బతుకకపోతుండె."

"ఇప్పనూనె పొయ్యకపోతె?"

"అయినా అంతే. దానికి సూది కావాలె. నీ చేతిల తప్పు లేదు."

ఆమె రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. "ఏడేండ్లు" అంది.

"నన్ను మాఫ్ చెయ్యి చెల్లె" అన్నాను.

"మాఫ్ సంగతి నాకెరుకలేదు. ఎల్లిగడ్డల సంగతి ల్యాంపు కాడ నలుగుట్ల చెప్పినవు. గిది గూడ గాడనే చెప్పు. ఆయన నిలబడ్డ కాడ."

మర్నాడు మొదటి షిఫ్టుకు కిటికీ తెరిచి, దీపం ఒక్కటీ ఇవ్వకముందే లేచి నిలబడ్డాను. లైనులో ఓదెలుతో కలిసి బొగ్గెత్తినవాళ్లు సగం మంది ఉన్నారు. వెనుక, గేటు పక్కన, లచ్చవ్వ నిలబడి ఉంది. నా గొంతు ఆ చివర దాకా వినిపించేలా చెప్పాను.

"తొమ్మిదేండ్ల కింద నాకొచ్చింది టీబీ. సూదులతోని బతికిన. ఎల్లిగడ్డలతోని బతికిన్నని మీకు అబద్ధం చెప్పిన. ఓదెలు గీ కిటికీ కాడనే నన్ను అడిగిండు, నేను తల వంచుకున్న. లచ్చవ్వ వంటల ఏ తప్పు లేదు. తప్పు నాది. ఓదెలూ, తప్పైంది."